ఒక్క బిందె దొననీళ్ళు

ఏడో నంబరు సమాధిలో ఇద్దరున్నారు. ఒకామె నడుము ముందుకు వంగిపోయి, మోకాళ్ళు లోపలికి తిరిగి, వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంది. పక్కనే పాతికేళ్ళ మగమనిషి. అతని ఎముకలు మాత్రం బద్ద పెట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. వంగిన ఆమె తల చుట్టూ నాలుగు నల్లని కుండలు పెట్టారు. అతనికి ఒక్కటీ లేదు.

ఇద్దరూ రెండున్నర వేల ఏళ్ళ కిందటి వాళ్ళు. నల్లగొండ జిల్లాలో మా సొంత ఊరి పక్కన, కంచుగుట్ట కింద దొరికారు. పెద్ద రాతిపలకలను నిలబెట్టి గదిలా చేసి, శవాన్ని అందులో ఉంచి పైన బండ మూసేవాళ్ళట. ఊళ్ళో వాటిని రాకాసి గుళ్ళంటారు. చిన్నప్పుడు మేమెవ్వరం అటు వెళ్ళేవాళ్ళం కాదు. ఇప్పుడు నా జీతం అందులోంచే వస్తోంది.

నా పేరు నీలవేణి. తవ్వకాల్లో దొరికిన ఎముకలను చూసి, ఆ మనిషికి ఏం జబ్బు చేసిందో, ఎలా పోయాడో చెప్పడం నా పని. చచ్చినవాళ్ళు అబద్ధమాడరని క్లాసులో గొప్పగా చెబుతుంటాను. వాళ్ళు ఆడరు, నిజమే. చూసేవాళ్ళు ఆడతారు. నేనే ఆడాను, అదీ పేపరుకెక్కి మరీ.

పందొమ్మిది సమాధులు తెరిస్తే ఎనిమిదింటిలో ఇలా వంగిన మనుషులున్నారు. అది ఫ్లోరైడ్ నీళ్ళు చేసిన పనేనని నల్లగొండలో పుట్టినవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. నన్ను ఆకట్టుకున్నది కుండలు. వంగినవాళ్ళందరి తల దగ్గరా కుండలున్నాయి, తిన్నగా ఉన్నవాళ్ళెవరికీ లేవు. కుండలుంటే గౌరవం ఉన్నట్టే కదా అనుకున్నాను. ఆ కాలంలో వంగినవాళ్ళను జనం పెద్దలుగా కొలిచారని రాసేశాను. ‘వంగినవారికి వందనం చేసిన ప్రాచీనులు’ అని ఒక పత్రిక నా ఫోటోతో సహా వేసింది.

అంత తొందరగా ఎందుకు రాశానో నాకు తెలుసు. మా అక్క అండాలు కూడా అలాగే వంగి ఉంటుంది. నాకన్నా ఆరేళ్ళు పెద్ద, చూడ్డానికి ఇరవై ఏళ్ళు పెద్దదానిలా ఉంటుంది. ఆ పేపరు పట్టుకెళ్ళి, "చూడక్కా, అప్పట్ల మీరు రాణులు" అన్నాను. అక్క పగలబడి నవ్వింది. "గయితే రాజెవడో గూడ తవ్వి తియ్యరాదే, మాట్లాడేదుంది" అంది. అది నవ్వితే నాకు ఊరటగా ఉంటుంది. తిన్నగా నడిచే నా కాళ్ళను చూసుకుని దాని ముందు సిగ్గుపడిన రోజులు చాలా ఉన్నాయి మరి.

ఆ గొప్పంతా షహనాజ్ యంత్రం వచ్చేదాకానే నిలిచింది.

షహనాజ్ మా ల్యాబులో ఇంజనీరు. మాట మెత్తన, పట్టు గట్టిది. ఆరేళ్ళు కూర్చుని ఆ యంత్రాన్ని తయారుచేసి, దానికి నీటిజాడ అని పేరు పెట్టింది. దవడపన్ను ఒకటి దాని గిన్నెలో వేయాలి. అది పంటిని పొర తర్వాత పొరగా చెక్కుకుంటూ, ఏ పొరలో ఏ నీళ్ళ ఉప్పులున్నాయో చూసి తెర మీద గీతలు గీస్తుంది. చిన్నప్పుడు పన్ను రోజుకో పొర చొప్పున పెరుగుతుంది కాబట్టి ఒక్కో గీత ఒక్కో రోజన్నమాట. పుట్టిన దగ్గర్నుంచి పదేళ్ళ దాకా ఆ మనిషి ఏ రోజు ఏ నీళ్ళు తాగిందీ తెర మీద వరసగా కనిపిస్తుంది. చివరికి గిన్నెలో చిటికెడు బూడిద మిగులుతుంది.

ముందు ఏడో సమాధిలో ఇద్దరి పళ్ళూ వేశాం. తిన్నటి మనిషి గీతలన్నీ నీలంగా వచ్చాయి. వంగినామె గీతలు గోధుమ రంగులో వచ్చాయి, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా.

"ఒక్క నీలం గీత కూడా లేదు మేడమ్. ఇద్దరూ ఒకచోటే బతికారు, ఒకచోటే పూడ్చారు. నీళ్ళు మాత్రం వేరే" అంది షహనాజ్.

"రంగులను నమ్మొచ్చా?"

"ఇప్పుడే నమ్మకండి. ఆ ఊరి నీళ్ళు పంటిలో ఎలా పడతాయో తెలియాలి. ఏ నీళ్ళు తాగారో మనకు ముందే తెలిసిన మనిషి పన్ను కావాలి. ఒకటి చాలదు, రెండు."

నేను వెంటనే నాదొకటి ఇస్తానన్నాను. అయిదేళ్ళ కిందట పీకించుకున్న దవడపన్నును సొరుగులో దాచుకున్నాను. మా వృత్తిలో ఉన్నవాళ్ళం దేన్నీ పారేయలేం. రెండోది అక్కది. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే బోరునీళ్ళు తాగి పెరిగాం. నేను పదేళ్ళకు హాస్టల్‌కు వెళ్ళి బయటపడ్డాను, అక్క అక్కడే ఉండిపోయి వంగిపోయింది. నాకు తెలిసిన కథ అదే, ఇంట్లో అందరూ చెప్పిందీ అదే.

ఆదివారం ఊరికి వెళ్ళాను. అక్క వసారాలో కూర్చుని రాట్నం మీద నేతకు కండెలు చుడుతోంది. మాది సాలోళ్ళ ఇల్లు. నాయిన భీవండి మిల్లుల్లో పనిచేస్తూ, నాకు మూడేళ్ళప్పుడు అక్కడే పోయాడు. అప్పట్నుంచి అమ్మా అక్కా ఇలా నూలు చుట్టే నన్ను చదివించారు. అమ్మకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. మంచం మీదే ఉంటుంది, అన్నీ అక్కే చూస్తుంది.

నేను చెప్పులు విప్పేలోపే అమ్మ లోపల్నుంచి కేకేసింది. "అండాలూ, దానికి క్యాను నీళ్ళియ్యి. దానికి వేరే నీళ్ళు పడయి."

అక్క ఇచ్చింది, నేను తాగాను. పుట్టినప్పట్నుంచి ఆ ఇంట్లో ఎవరేం ఇచ్చినా అలాగే తాగేదాన్ని, ఆలోచించకుండా.

ఇంటికొస్తే నా నోరు దానంతటదే ఊరి మాటలోకి దిగుతుంది. "అక్కా, నీ దవడపన్ను ఒకటి కదులుతుందంటివి గద. గది నాకిస్తవా?"

"పన్ను ఏం జేస్కుంటవే?"

"దాన్ని జూస్తే నువ్వు చిన్నప్పుడు ఏ దినం ఏ నీళ్ళు తాగినవో తెలుస్తది."

రాట్నం ఆగింది. "ఏ దినానికి గా దినమా?"

"ఆఁ."

"శాన ఏండ్లాయె గద. చెరిగిపోయి ఉండదా?"

"రెండున్నర వేల ఏండ్లయే చెరిగిపోలేదక్కా."

అక్క చేతిలోని కండెను బుట్టలో వేసింది. తర్వాత "నీ పన్ను గూడ జూస్తరా?" అని అడిగింది. చూస్తామన్నాను. ఇస్తాననీ అనలేదు, ఇవ్వననీ అనలేదు. అన్నం తినమని లేచింది. పన్ను పీకించుకోవడానికి భయపడుతోందనుకుని నేను బలవంతం చేయలేదు.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. "పీకించిన. వచ్చి తీస్కపో."

"అంత తొందరేందక్కా?"

"తెల్వాలె గదనే" అంది.

మా అక్కకు సైన్సు మీద ఇంత శ్రద్ధ ఉందనుకోలేదని షహనాజ్‌తో చెప్పి మురిసిపోయాను. ఇన్ని చదువులు చదివినా సొంత అక్క గొంతులో వణుకును పట్టుకోలేకపోయాను.

అక్క పన్నును మంగళవారం పొద్దున వేశాం. గీతలు గోధుమ రంగులోనే వచ్చాయి. అది అనుకున్నదే. మధ్యాహ్నం నాది వేశాం. నేను క్యాంటీన్‌కు వెళ్ళి టీ తాగి వచ్చేసరికి షహనాజ్ తెరకు అడ్డంగా నిలబడి ఉంది.

"మేడమ్, మీరు పెరిగింది అక్కడేనా?"

"అదేం ప్రశ్న?"

ఆమె పక్కకు జరిగింది. నా గీతలు నీలంగా ఉన్నాయి. ఏడో సమాధిలో తిన్నటి మనిషివి ఎలా ఉన్నాయో అలాగే. షహనాజ్ మా ఊరి నుంచి తెచ్చిపెట్టుకున్న నీళ్ళ సీసాలతో పోల్చి చూశాం. గోధుమ రంగు బోరుది, అంటే భూమి లోపలి నీళ్ళది. నీలం కంచుగుట్ట మీది దొనది. దొనంటే గుట్ట మీద బండల సందులో, ఫ్లోరైడ్ అంటని వాననీళ్ళు నిలిచే గుంట. చిన్నది. రోజుకో ఇంటికి ఒక్క బిందె చొప్పున వంతులేసుకుని తెచ్చుకునేవాళ్ళు. పూజకు తెస్తారనుకునేదాన్ని.

అవి పూజకు కాదు. మా వంతు బిందె మళ్ళీ వచ్చేదాకా ఆ నీళ్ళను కొలిచి కొలిచి నాకొక్కదానికే తాగించారు. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలకు రెండు రకాల నీళ్ళు పోశారు. నా కాళ్ళు తిన్నగా ఉండటం నా అదృష్టం కాదు.  కుర్చీలో కూలబడ్డాను.

షహనాజ్ మెల్లగా అంది. "ఇంకొకటి ఉంది. ఇద్దరి గీతల్లోనూ ఒకచోట నలభై రెండు రోజులు ఒకేలా ముదురు గోధుమ రంగు ఉంది. ఏదో ఎండాకాలం దొన ఎండిపోయి, బోరునీళ్ళు కూడా చిక్కబడి ఉంటాయి. ఆ నలభై రెండు రోజులను ఆధారం చేసుకుని రెండు పళ్ళనూ పక్కపక్కన పెట్టాను. చూడండి."

చూశాను. అక్క గోధుమ గీతల మధ్య అక్కడక్కడ సన్నటి నీలం గీతలున్నాయి. సరిగ్గా అవే రోజుల్లో నా నీలం మధ్య గోధుమ గీతలున్నాయి. రెండు పళ్ళూ కలిసి చూపించే నాలుగేళ్ళలో అలాంటివి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ మా నీళ్ళు తారుమారయ్యాయి. ఎందుకో ఇద్దరికీ అంతుపట్టలేదు.

సాయంత్రం షహనాజ్ కుండల అడుగున గట్టిపడిన తెల్లటి పెచ్చులను గీకి యంత్రంలో వేసింది. వంగినవాళ్ళ తలల దగ్గర పెట్టిన కుండలన్నీ నీలమే చూపించాయి. వాటిల్లో దొననీళ్ళు నింపి పెట్టారు. బతికినన్నాళ్ళు ఒక్క గుటక దక్కనివాళ్ళకు చచ్చాక కుండలు కుండలు నింపారు. నేను దానికి గౌరవమని పేరు పెట్టాను. అది తప్పు చేసినవాళ్ళు చెప్పుకున్న క్షమాపణ. ఉన్న కాసిని నీళ్ళూ ఎవరికి పోయాలో, ఎవరికి మానాలో ఆ ఇళ్ళలో కూడా ఎవరో ఒకరు తేల్చుకోవాల్సి వచ్చిందన్నమాట.

"ఆ రెండు పళ్ళనూ లెక్కలోంచి తీసెయ్" అన్నాను.

"తీసేస్తే రంగులకు ఆధారం పోతుంది మేడమ్. మొత్తం పని పోతుంది."

"వేరేవాళ్ళవి తెస్తాను."

"తెచ్చినా అదే ఊరు, అదే దొన. అప్పుడు వాళ్ళ ఇంటి సంగతి బయటపడుతుంది, మీ ఇంటిదే ఎందుకు దాచాలి?" ఆమె కాగితం ఒకటి నా ముందు పెట్టింది. బతికున్న మనిషి పన్ను వాడితే, వచ్చిన ఫలితం వాళ్ళకు చెప్పి సంతకం తీసుకోవాలి. అది మా ల్యాబు నియమం, రాసింది నేనే.

"ఇంటి గుట్టు లంకకు చేటు, షహనాజ్."

"ఏడో సమాధి వాళ్ళదీ ఇంటి గుట్టే మేడమ్. వాళ్ళనెవరు అడిగారు?"

నాకు కోపం వచ్చింది. తిట్టాను కూడా. ఆమె మాటలో న్యాయం ఉంది కాబట్టే తిట్టాను. ఆ వారమంతా నాకు ఒకటే దిగులు. అమ్మకు స్నానం చేయించేది, అన్నం కలిపి తినిపించేది అక్క. ఆ వంగిన నడుముతో, ముడుచుకుపోయిన వేళ్ళతో. ఆ అమ్మే తనకు నీళ్ళు మానిపించిందని తెలిస్తే, మర్నాడు ఆ చేత్తో అన్నం ఎలా కలుపుతుంది? చెప్పకపోతే నేను జీవితాంతం అక్కకు అబద్ధం చెప్పినట్టే. చెబితే ఆ ఇంట్లో మిగిలిన ఇద్దరినీ విడదీసినట్టే.

శనివారం బస్సెక్కాను. కాగితం సంచిలో పెట్టుకున్నాను గానీ, తీయాలో వద్దో ఊరి పొలిమేర దాకా తేల్చుకోలేదు.

అక్క వసారాలోనే ఉంది. నన్ను చూడగానే రాట్నం పక్కకు జరిపింది. టీ తాగుతావా అని కూడా అడగలేదు. "ఏం జెప్పింది పన్ను?"

"మామూలేనక్కా. బోరునీళ్ళు."

"అబద్ధమాడకు. నీ మొఖంల కనబడుతుంది." గొంతు తగ్గించింది. "నీ పన్నుల ఉన్నయా? బోరునీళ్ళు?"

ఎందుకలా అడుగుతోందో నాకర్థం కాలేదు. "నా దాంట్ల ఎందుకుంటయి?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తనే అంతా చెప్పేసింది. "దొనకాడికి పొయ్యేది నేనే. ఆ బిందె గుట్ట దించెటప్పటికి నాలుక పిడుచకట్టుకపోయేది. గా నీళ్ళు ఎంత తియ్యగుంటయో తెల్సా? బండ చాటుకు బిందె దించి దోసిలి పట్టి తాగేదాన్ని. బిందె వెలితిగుంటే అమ్మ పట్టేస్తది. వెలితిని బోరుకాడ నింపి తెచ్చేదాన్ని. గవే నువ్వు తాగినవ్. పసిపిల్లవి. నీకు గూడ పండ్లు పాడయితయని, కాళ్ళు వంగుతయని రోజూ భయమే. నువ్వు జరంత కాలు నొస్తుందన్నా నాకు ప్రాణం పొయ్యేది. గిన్నేండ్ల నుంచి ఎవ్వరికి జెప్పలే."

అప్పుడు అర్థమైంది నాకు ఆ పదకొండు గీతలు ఏమిటో. అక్కకు అన్నీ తెలుసు. తనకు మానిపించారని తెలుసు, నాకు పోశారని తెలుసు. తాను మోసిన బిందే కదా. నేను వారం రోజులు దాచాలని తల్లడిల్లిన రహస్యం దానికి ఆరేళ్ళప్పట్నుంచీ వంతు వచ్చినప్పుడల్లా చేసిన పని. అది భయపడింది వేరేదానికి.

"నీకు తెల్సి గూడ అమ్మను ఒక్క మాట అనలేదా అక్కా?"

జవాబు లోపల్నుంచి వచ్చింది. అమ్మ చెవులు మందగించాయనుకుంటాం గానీ వినాల్సినవన్నీ వింటుంది. "ఏమంటది? దానికి కొత్త పండ్లు మొలిచినప్పుడే మచ్చలొచ్చినయి. దాని పని అప్పటికే అయిపోయింది. నువ్వు పొత్తిళ్ళల్ల ఉన్నవ్. ఉన్నది ఒక్క బిందె. ఇద్దరికి సగం సగం పోస్తే ఇద్దరు వంగుతుండె. ఒక్కదాన్నన్న నిలబెడదామనుకున్న." మళ్ళీ తనే, "తప్పంటరా? అనుండ్రి. నేను గూడ బోరునీళ్ళే తాగిన" అంది.

నేను అమ్మ మీద అరవాలనుకున్నాను. కానీ ఆమె అన్న లెక్కలో తప్పు దొరకలేదు, అదే నన్ను కోసేసింది. ఆ లెక్క వేసుకున్న తల్లి ఇన్నేళ్ళుగా నిద్రపోతోందో, పోవట్లేదో నేనెప్పుడూ అడగలేదు.

అక్క ముక్కు తుడుచుకుని రాకాసి గుళ్ళ సంగతి అడిగింది. కుండల్లో ఏముందో చెప్పాను. నేను పేపర్లో రాసిందంతా తప్పని, దాన్ని దిద్ది మళ్ళీ రాస్తున్నానని కూడా చెప్పాను.

"చచ్చినోళ్ళ కండ్లు చారెడంటరు గద. చచ్చినంక కడివెడు పెడితే ఎవరు తాగాలె?" అంది. తర్వాత సంచిలోంచి తొంగిచూస్తున్న కాగితాన్ని తనే లాక్కుంది. "సంతకం దేనికి? రాయనీకెనా? రాసుకోండ్రి. గా దొంగతనం గూడ రాయి." ముడుచుకున్న వేళ్ళతో పెన్ను పట్టుకుని నెమ్మదిగా పేరు రాసింది. రాసి, తలెత్తకుండానే అడిగింది. "ఎన్ని దినాలున్నయే?"

"ఏంది?"

"నేను తాగినయి."

"పదకొండు."

"నాలుగేండ్లలనా?"

"నాలుగేండ్లల పదకొండు దినాలక్కా. గంతే. నాకేం కాలేదు. నా పండ్లకు మచ్చ గూడ లేదు."

అక్క నమ్మలేనట్టు చూసింది. "నేను వందలనుకున్ననే" అంది. "పోయినప్పుడల్ల తాగిన అనుకున్న. పదకొండు దోసిళ్ళకా గిన్నేండ్లు భయపడ్డది?"

నాకు దుఃఖం ఆగలేదు. దాని చేతులు రెండూ పట్టుకుని, "రోజూ తాగవల్సింది అక్కా నువ్వు. అన్ని నువ్వే తాగవల్సింది" అన్నాను.

"తాగితే నువ్వు గిట్ల నిలబడి ఉండకపోదువు" అంది అక్క. దెప్పిపొడుపు కాదు. ఉన్నమాట చెప్పింది. "సరే గాని, చెయ్యియ్యి, లేపు. అమ్మకు అన్నం పెట్టే యాళ్ళయింది."

నేను చెయ్యిచ్చి లేపాను. అది నా భుజం మీద బరువంతా వేసి నిలబడి, ఒక్కో అడుగే వేస్తూ వంటింట్లోకి నడిచింది.